కథలో లేని సన్నివేశం

నాకు జబ్బు మొదలైనప్పుడు జనం మెచ్చుకున్నారు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. జ్వరమొస్తే అయ్యో అంటారు, కాలు విరిగితే పళ్ళు పట్టుకొని చూడ్డానికి వస్తారు. నాకు మెదడు వాచడం మొదలైన రోజుల్లో మాత్రం నా ఫోను నిండా చప్పట్ల బొమ్మలు వచ్చాయి. "ఏం పట్టినవ్ అక్కా!" అని ఒకరు, "ఇంతవరకూ ఇలా ఎవరూ ఆలోచించలేదండీ" అని ఇంకొకరు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం కూడా జబ్బులో భాగమేనని నాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మందులు ఇంకా నడుస్తున్నాయి. వాటి పుణ్యాన మొహం ఉబ్బిపోయి, అద్దంలో చూసుకుంటే మా మేనత్త కనిపిస్తుంది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, రాస్తే గానీ నా బుర్రలో జరిగిందేదో జరగనిదేదో విడిపోయేటట్టు లేదు. ఇంకొకటి కూడా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి వేరే మనిషిలా మాట్లాడుతుంటే, పొగరనో దయ్యమనో పేరు పెట్టే ముందు మా ఇంటి సంగతి మీకు గుర్తుకు రావాలి.

ఎండాకాలం

మాది బల్కంపేట. మా నాయిన పేరు నరసింహ. పంజాగుట్టలో ఒక ఎలక్ట్రికల్ షాపు తరఫున ఇళ్ళకూ ఆఫీసులకూ వైరింగ్ పనులు చేస్తాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేనొక్కదాన్నే సంతానం. పంజాగుట్టలోనే వీసా కాగితాలు సరిచూసే ఆఫీసులో నా ఉద్యోగం. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంలో తేడాగా ఉంటే పట్టుకోవాలి, అదే పని. ఇంట్లో కూడా నాది అదే బుద్ధి. కూరలో కారం ఎక్కువైతే ఎవరి మీద కోపమమ్మా అని అడిగే రకం నేను.

ఆఫీసుకు పోతూ వస్తూ చెవుల్లో "సప్తదుర్గం" పెట్టుకునేదాన్ని. అది ఫోనులో వినే కథ, వారం వారం కొత్త భాగం వస్తుంది. ఏడు కోటలు, ఏడు వంశాలు, ఆ కోటల్ని ఒక్కొక్కటే కాల్చుకుంటూ వచ్చే ఒక ముసుగు మనిషి. వాడి పేరు నిశాధరుడు. వాడి మొహం ఎవరూ చూడలేదు. చేతులకున్న తోలు తొడుగులు ఎప్పుడూ తీయడు. కథ మొదలై ఏళ్ళవుతున్నా వాడెవడో చెప్పరు. చెప్పేస్తే మాలాంటి వాళ్ళు వినడం మానేస్తామని వాళ్ళకు తెలుసు.

శనివారం సాయంత్రాలు అమీర్‌పేట మెట్రో స్టేషన్ పక్క సందులో ఉన్న టిఫిన్ సెంటర్ దగ్గర మేం ముగ్గురం కలిసేవాళ్ళం. మిగతా అభిమానులంతా ఫోను గ్రూపులో ఉండేవాళ్ళు. ఇమ్రాన్ భాయ్‌కి అక్కడే సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. నిశాధరుడు ఎవరంటే, చచ్చిపోయాడని అందరూ అనుకుంటున్న పెద్ద యువరాజని ఆయన వాదం. "శవం చూపించిండ్రా? చూపించలే. ఖతం, వాడే" అని టీ గ్లాసు బల్ల మీద కొట్టేవాడు. రెండో మనిషి ప్రత్యూష. రాజమండ్రి అమ్మాయి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆమె అనుమానం రాజవైద్యుడి మీద. ఆధారం లేకుండా నోరు విప్పదు, ఇంకొకళ్ళను విప్పనివ్వదు. నాకు ఒళ్ళు మండాలని కావాలనే నా పేరు చివర 'గారు' తగిలించేది. "ఎన్నో భాగంలో అన్నారు హారిక గారూ? ఎవరితో అన్నారు? ఏంటి, గుర్తు లేదా?"

కథానాయిక ఇరావతిని పెంచిన తండ్రి కమ్మరి భద్రయ్యే నిశాధరుడని నా వాదం. అంత మంచివాడు కథలో ఊరికే ఉండడని నా పట్టు. నా దగ్గర ఆధారం తక్కువ, గొంతు ఎక్కువ. ఆ గోల నాకు వారానికి సరిపడా ప్రాణం పోసేది. ముగ్గురం కొట్టుకొని, తిట్టుకొని, ఇంకో ప్లేటు మిర్చి బజ్జీ తెప్పించుకొని లేచేవాళ్ళం.

జూన్

మొదట తలనొప్పి వచ్చింది. వాన పడేముందు వచ్చే నొప్పి అనుకున్నాను. తరువాత నిద్ర పోయింది. పోయిందని బాధ కూడా లేదు, నిద్ర అవసరం లేనంత హుషారుగా ఉండేది. ఆ హుషారులో "సప్తదుర్గం" మళ్ళీ మొదటి నుంచి విన్నాను, అప్పుడు అన్నీ కలవడం మొదలైంది.

ఆ కలవడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. మామూలుగా మనకు ఒక ఆలోచన వస్తే, పక్కనే "ఏమో, కాదేమో" అని చిన్న మాట ఒకటి వినిపిస్తుంది. నాకు ఆ చిన్న మాట వినిపించడం ఆగిపోయింది. వచ్చిన ప్రతి ఆలోచనా నిజమే. భద్రయ్య సుత్తి దెబ్బల లెక్కకూ, నిశాధరుడు కాల్చిన కోటల వరసకూ సంబంధం దొరికింది. మెట్రోలో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతుకూ దానికీ సంబంధం దొరికింది. అవన్నీ మాటల్లో రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. ఒకటి కాదు, గంటకొకటి. అందరూ ఎగిరి గంతేశారు. సిద్ధాంతాలు అల్లే వాళ్ళ గుంపులో ఒక మనిషి నిద్ర మానేసి ప్రతిదాన్నీ ప్రతిదానితో ముడిపెడుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మా అందరిలో గొప్ప అభిమాని అంటే అలాగే ఉంటుందని మా లెక్క.

అప్పుడే ఆ సన్నివేశం చెప్పాను. కొలిమి ఆరిపోయాక, చీకట్లో భద్రయ్య ఒక్కడే కూర్చొని చేతి తొడుగులు తీస్తాడు. రాగి గంగాళంలో నీళ్ళు పోసుకొని చేతులు కడుక్కుంటాడు. కుడి అరచేతిలో కాలిన మచ్చ ఉంటుంది. ఇది విని గ్రూపంతా అల్లకల్లోలం అయింది. ఇంతకాలం ఇది మా చెవిన ఎలా పడలేదని తలలు బాదుకున్నారు. కొందరైతే తామూ విన్నామన్నారు.

ప్రత్యూష ఒక్కతే ఎన్నో భాగం అని అడిగింది. ఏదో చెప్పాను. ఆమె ఆ భాగం విని, దాని ముందువీ వెనకవీ విని, చదువు పక్కన పెట్టి భద్రయ్య ఉన్న భాగాలన్నీ విని, నాకు ఫోను చేసింది.

"హారిక గారూ, అది కథలో లేదండీ."

"నువ్వు సరిగ్గ ఇనలే."

"రెండుసార్లు విన్నాను. ఎక్కడా లేదు. మీరు... ఒంట్లో బాగానే ఉందా?"

ఈమె కూడా వాళ్ళలో మనిషే అనుకున్నాను. వాళ్ళంటే ఎవరో నన్నడగొద్దు. ఫోను పెట్టేసి, ఆమె నంబరు రాకుండా చేశాను.

భద్రయ్య దగ్గర నుంచి నాయిన దాకా ఎలా వచ్చానో చెప్పలేను. నాయిన పంజాగుట్ట దుమ్ములో బండి మీద తిరిగే మనిషి. కళ్ళు తప్ప మొహమంతా గుడ్డ చుట్టుకొని ఇంటికి వస్తాడు. నా చిన్నతనంలో ఎప్పుడో కరెంటు తీగ పట్టుకొని కుడి అరచేయి కాల్చుకున్నాడు, ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఒకరోజు ఆయన గుడ్డ విప్పుతూ లోపలికి వస్తుంటే నాకు తెలిసిపోయింది. అనుమానం రాలేదు. తెలిసిపోయింది, అంతే. ఎవరో మా నాయిన మొహం తొడుక్కొని మా ఇంట్లో తిరుగుతున్నాడు.

ఆయన తెచ్చింది తినడం మానేశాను. ఆయన వస్తే గది తలుపు వేసుకునేదాన్ని. "నువ్వెవరో నాకు తెలుసు" అని తలుపు వెనక నుంచి చెప్పేదాన్ని. మొదట అమ్మ నవ్వింది, కథలు ఎక్కువైనయని తిట్టింది. తరువాత ఏడ్చింది. ఒక డాక్టరు పని ఒత్తిడి అని నిద్ర మాత్రలు రాశాడు. చుట్టుపక్కల వాళ్ళు గాలి సోకిందన్నారు. అమ్మ ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది. ఆమె చేయగలిగింది ఆమె చేసింది, దాన్ని నేను వెక్కిరించను.

ఆ రోజుల్లోనే ప్రత్యూష మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట. గుమ్మంలో నిలబడే మాట్లాడింది.

"ఆంటీ, ఆమె చెప్పేది అసలు కథలో లేదు. ఇది మా గొడవ లాంటిది కాదు. పెద్ద హాస్పిటల్‌లో చూపించండి, ప్లీజ్."

"మీ కథలతోనే నా బిడ్డ గిట్లయింది. పో అమ్మా, నువ్వు పో" అంది అమ్మ. మా అమ్మ కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడికి కూడా మంచినీళ్ళిచ్చే మనిషి. ఆరోజు మాత్రం ఇవ్వలేదు.

బోనాల ఆదివారం

ఇక్కడ నుంచి నాకు గుర్తున్నది కొంచెం, విన్నది ఎక్కువ.

బల్కంపేట బోనాల రోజు మా గల్లీలో సైకిలు కూడా కదలదు. రోడ్డుకు అటూ ఇటూ కర్రలు కట్టేస్తారు. పొద్దున్నే డప్పులు మొదలవుతాయి. నాయిన ఎవరింట్లోనో ఫ్యూజు పోయిందంటే తెల్లారకముందే పనికి పోయాడు. వంటింట్లో అమ్మ బోనం కుండకు పసుపు రాస్తుంటే నేను దబ్బున పడిపోయాను. ఫిట్స్. నోట్లో నురగ, నాలుక కరుచుకొని నెత్తురు. అమ్మ ఫోనులో ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. నాయిన బండి ఎక్కడో వదిలేసి జనంలో పడి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి నాకు కొంచెం తెలివి వచ్చింది. ఆటో రాదు, అంబులెన్సు రాదు. నన్ను భుజాన వేసుకొని పెద్ద రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. వెంట బయల్దేరిన అమ్మ జనంలో వెనకబడిపోయింది. మొహానికి చుట్టుకున్న గుడ్డ విప్పాలన్న ధ్యాస లేదు.

నాకు గుర్తున్నవి వేపాకు వాసన, తలకిందులుగా ఊగుతున్న కాగితాల తోరణాలు, నా గొంతు. నా గొంతు బాగా గుర్తుంది.

"వీడు మా నాయిన కాదు! నన్నెత్తుకపోతుండు! ముసుగు తీయుండ్రి!"

మొహానికి గుడ్డ కట్టుకున్న మగవాడు, భుజం మీద కొట్టుకుంటూ అరుస్తున్న ఆడపిల్ల. జనం ఊరుకుంటారా? ఊరుకోకూడదు కూడా. చుట్టుముట్టారు. ఒకరు చొక్కా పట్టుకున్నారు, ఒకరు గుడ్డ లాగారు, ఒక కుర్రాడు చెంప మీద కొట్టాడు. నాయిన నన్ను కింద పెట్టలేదు. నన్ను పట్టుకున్న చేతులు రెండూ అలాగే ఉంచాడు, కాబట్టి దెబ్బకు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు.

"కొడ్తె కొట్టుండ్రి గని తొవ్వ ఇడువుండ్రి" అన్నాడట. "బిడ్డ పానం పోతుంది. తొవ్వ ఇడువుండ్రి."

మా గల్లీ సత్తెమ్మ పెద్దమ్మ నెత్తిన బోనంతో అటుగా వస్తోంది. బోనం ఎత్తుకున్న మనిషి మధ్యలో ఆగకూడదు. ఆమె ఆగింది. అంత డప్పుల్లో ఆమె కేక అందరికీ వినపడిందట. "ఏయ్! ఎవల మీద చెయ్యేస్తున్నర్రా? గాయన మా నర్సింహ. గా పొల్ల గాయన బిడ్డనే. దానికి పానం బాగలేదు. జరగుండ్రి!"

కొట్టిన కుర్రాడే ముందు నడిచి జనాన్ని పక్కకు తోశాడు. పెద్ద రోడ్డు మీద బందోబస్తుకు ఉన్న కానిస్టేబులు ఇంకేమీ అడక్కుండా మమ్మల్ని, అప్పటికి వచ్చి కలిసిన అమ్మను తమ బండిలో ఎక్కించాడు. బండిలో కూడా నేను అరుస్తూనే ఉన్నానట. నాయిన నాకు కనపడకుండా అమ్మ వెనక్కి ఒదిగి కూర్చున్నాడు.

శ్రావణం

పంజాగుట్టలో ఒక పెద్ద దవాఖాన. ఐసీయూ బయట పొడవాటి హాలు, ఇనుప కుర్చీలు, గోడకు శబ్దం లేని టీవీ. నేను లోపల ఉన్నాను కాబట్టి ఆ హాలు సంగతి నాకు అమ్మ చెబితేనే తెలుసు. అక్కడ ఎవరూ ఎవరి పేరూ అడగరట. మీ వాళ్ళకెట్లుంది అని మాత్రం అడుగుతారు. తలుపు తెరుచుకొని నర్సు పేరు పిలిస్తే హాలంతా లేస్తుంది, తమ పేరు కాదని తెలిశాక మళ్ళీ కూర్చుంటుంది.

ఎప్పటినుంచి ఇలా ఉంది అని డాక్టరమ్మ అడిగింది. అమ్మ ఒకటి చెప్పింది, నాయిన ఇంకొకటి చెప్పాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. కానీ ఇంట్లో వాళ్ళకు ఒక మనిషి ఏ రోజు మారిందో తెలియదు, పూట పూటా చూస్తుంటారు కదా. కబురు విని ప్రత్యూష వచ్చింది. ఒకసారి గుమ్మంలోంచి పంపించిన పిల్ల మళ్ళీ వచ్చింది. తన ఫోనులో ఎండాకాలం నుంచి నేను పెట్టిన మాటలన్నీ ఉన్నాయి. డాక్టరమ్మకు అప్పటికే అనుమానం ఉంది. వరసగా నాలుగైదు పెట్టించుకొని వింది. మొదటివాటిలో నేను నవ్వుతూ వాదిస్తున్నాను. తరువాత వేగం పెరిగింది. ఆ తరువాత మాటలు ఒకదాని మీద ఒకటి పడి, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ తిరిగింది. చివరిదాంట్లో నాలుక మడతపడుతోంది. వెంటనే వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు.

"ఇది మీ అమ్మాయి గుణం కాదు, పిచ్చి కాదు, కథల వల్ల రాలేదు. జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి మెదడు మీదికి పోయింది. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. మందు ఉంది. టైము పడుతుంది" అని డాక్టరమ్మ చెప్పిందట ఫలితం వచ్చాక.

పిచ్చి కాదు అన్న మాట విని అమ్మ కుర్చీలో కూలబడింది. తరువాత ప్రత్యూష చెయ్యి పట్టుకొని, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. క్షమాపణ చెప్పడం మా ఇంట్లో అలాగే.

మందు వెంటనే పని చేయలేదు. కొన్నాళ్ళు నేను కళ్ళు తెరిచి ఉన్నా ఎవరినీ చూడలేదు. నోరు ఏదో నములుతున్నట్టు ఆడుతూ ఉండేదట. ఊపిరికి కూడా గొట్టం పెట్టారు. బతుకుతుందా అని అమ్మ అడిగితే డాక్టరమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. ప్రత్యూష హాస్టల్ నుంచి పెరుగన్నం తెచ్చేది. ఇమ్రాన్ భాయ్ రోజూ షాపు మూసి వచ్చి, అమ్మకు ఛార్జరు, నాయినకు చాయ్, అటెండర్లకు కసుర్లు ఇచ్చిపోయేవాడు.

నాయిన మాత్రం లోపలికి రాలేదు. మొదటి రోజుల్లో ఒకసారి వచ్చాడట. ఆయన్ని చూడగానే నా గుండె వేగం చూపే మిషను మోగింది, నేను మంచం పట్టెలు పట్టుకొని వెనక్కి జరిగాను. ఇక ఆయన ఆ తలుపు దాటలేదు. హాలులో స్తంభం పక్క కుర్చీలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చునేవాడని అమ్మ చెప్పింది. పాటలు వింటున్నాడేమో అనుకొని ఆమెకు కడుపు మండిందట. "బిడ్డ గట్లుంటే పాటలేందయ్యా?" అంటే, "ఊకోవే" అన్నాడట.

దసరా తరువాత

ఇంటికి వచ్చాను. చంటిపిల్లలా నడక నేర్చుకున్నాను. చెంచా నోటిదాకా వచ్చి చెంపకు తగిలేది. అవి నెమ్మదిగా సర్దుకున్నాయి, వాటి గురించి నాకు పెద్ద దిగులు లేదు.

దిగులు వేరే ఉంది. నాయిన ఇప్పుడు గల్లీ మొదట్లోనే మొహం మీది గుడ్డ విప్పేసి ఇంటికి వస్తున్నాడు. గది బయటే నిలబడి, "హారికా, నేను, నాయినను" అని చెప్పి లోపలికి వస్తున్నాడు. అన్నం పెట్టేటప్పుడు కుడి అరచేయి మూసుకొని పెడుతున్నాడు. బోనాల రోజు సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. సత్తెమ్మ పెద్దమ్మ చెబితే నాకు తెలిసింది. విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. ఆయన ముందు ఏడవాలని ఉంది, కానీ నేను ఏడిస్తే మళ్ళీ మొదలైందని భయపడతాడు.

అదొక నరకం. నేను గట్టిగా నవ్వితే అమ్మ తల తిప్పి చూస్తుంది. కొంచెం వేగంగా మాట్లాడితే ఇద్దరూ మొహాలు చూసుకుంటారు. నా ఫోనులోంచి "సప్తదుర్గం" తీసేశారు. ప్రత్యూష ఆదివారాలు వచ్చి ఎండ గురించి, హాస్టల్ పప్పు గురించి మాట్లాడుతుంది. ఆ పిల్ల ఎండ గురించి మాట్లాడ్డం ఎంత అసహజంగా ఉంటుందో చెప్పలేను. ఒకరోజు నాకు తిక్కరేగింది. "ఎన్నో భాగంల ఉంది గీ ఎండ? ఎవరితోటి అన్నరు?" అని అడిగాను. నవ్వబోయి, వంటింటి వైపు చూసి ఆపేసుకుంది.

ఎవరూ లేనప్పుడు ఆ కథ మళ్ళీ తెచ్చుకొని విన్నాను. ఆ ఒక్క సన్నివేశం కోసం. భద్రయ్య ఉన్న భాగాలన్నీ విన్నాను. చీకటి కొలిమి లేదు. రాగి గంగాళం లేదు. ప్రత్యూష చెప్పింది నిజం. కానీ ఆ నీళ్ళ చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది, తొడుగు వేళ్ళ మీద నుంచి జారే చప్పుడుతో సహా. నిన్న తిన్న కూర కంటే స్పష్టంగా ఉంది. అది అబద్ధమని నాకు తెలుసు, అయినా అది పోలేదు. ఫిట్స్ కంటే, గొట్టాల కంటే నన్ను ఎక్కువ వణికించింది అదే. రేపు ఇంకొకటి ఇలాగే వస్తే, అది లేదని నాకెవరు చెబుతారు?

కార్తీకం

మొన్న పరీక్షకు పోయాం. అమ్మకు జ్వరంగా ఉంటే నాయిన తీసుకెళ్ళాడు. అంతకుముందు సారి డాక్టరమ్మ చెప్పిన మాట మా ఇద్దరి మధ్యా ఉంది. ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుంది, తిరగబెడితే రోగికి తెలియకపోవచ్చు, ఇంట్లో వాళ్ళే కనిపెట్టాలి. ఆ కనిపెట్టే పని ఆరోజు నాయిన మీద పడింది.

అదే పంజాగుట్ట దవాఖాన, అదే ఇనుప కుర్చీలు. నాయిన నా పక్క కుర్చీ ఖాళీ వదిలి దాని పక్కదాంట్లో కూర్చున్నాడు. చాలాసేపు ఎదుటి గోడ చూశాడు. ఎవరి నంబరో పిలిచారు, ఎవరో పోయారు.

"గా భద్రయ్య," అన్నాడు ఉన్నట్టుండి, గోడనే చూస్తూ. "గా కమ్మరాయన. మంచోడేనా?"

నేను చటుక్కున ఆయన వైపు తిరిగాను. "నీకెట్ల తెలుసు నాయినా?"

"ఇన్న. నువ్వు లోపలున్నప్పుడు మొత్తం ఇన్న. ఇమ్రాన్ ఫోన్ల ఎక్కించి ఇచ్చిండు." అరచేయి వైపు చూసుకున్నాడు. "నా బిడ్డ నన్ను ఎవడనుకుంటుందో నాకు తెల్వద్దా?"

అంత పొడవు కథ, ఆ హాలులో, ఆ కుర్చీలో. అమ్మ పాటలనుకొని తిట్టింది దాన్ని. నాకు కళ్ళు మసకబారాయి, తుడుచుకుంటే చూస్తాడని తుడుచుకోలేదు.

"మరి ఎవడంటవ్ వాడు?" అని అడిగాడు. ఈసారి నా వైపు తిరిగాడు.

కరెంటు ఉందో లేదో అని తీగ దగ్గర టెస్టరు పెట్టి చూసేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆయన కథ అడగడం లేదు. జబ్బు వచ్చిందా పోయిందా అని అడుగుతున్నాడు. నేను లోపలికి చూసుకున్నాను. యువరాజు ఉన్నాడు, వైద్యుడు ఉన్నాడు, ఇంకెవరో ఉన్నారు. ఎవరి మీదికి మనసు పోయినా వెంటనే పక్కనుంచి "ఏమో, కాదేమో" అని వినిపిస్తోంది. ఎంత చిన్న మాట! నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

"తెల్వదు నాయినా."

"తెల్వదా?"

"నిజంగ తెల్వదు. ఇద్దరు ముగ్గురి మీద అనుమానముంది గని, గట్టిగ చెప్పలేను."

తల ఊపాడు. "నేనైతే భద్రయ్యే అంటున్న" అన్నాడు మెల్లగా. "అన్నీ ఇన్న గద. కోట కాలినప్పుడల్ల ఆయన ఇంట్ల ఉండడు. చేతులు చూపియ్యడు. నువ్వన్నదే కరెక్టేమో బిడ్డా. ఎవరు చెప్పొచ్చిండ్రు?"

మా నాయిన నా జబ్బులో నేనన్న మాటను నిజం చేయడానికి చూస్తున్నాడు. తన బిడ్డ ఊరికే అలా అనలేదని, అందులో కొంచెమైనా న్యాయం ఉందని నమ్మాలని చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. చాలా నెలల తరువాత శనివారం సాయంత్రం వచ్చే లాంటి కోపం.

"కాదు నాయినా" అన్నాను. "వంతెన కూలిన రోజు భద్రయ్యకు జరమొచ్చింది. లేవలేక పండుకున్నడు. ఇరావతి పొద్దుందాక పక్కనే కూసోని గంజి తాపింది. గదే పొద్దున నిశాధరుడు వంతెన కాడ వందమందికి కనవడ్డడు. ఇన్నవా లేదా నువ్వు?"

"ఇన్న."

"మరి? ఒక్క మనిషి రెండు జాగల ఎట్లుంటడు? వాడు ఎవడో నాకు తెల్వదు. భద్రయ్య మాత్రం కాదు."

నాయిన లేచి, మా మధ్య ఖాళీగా ఉన్న కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు.

"గది ఎన్నో భాగంల?" అన్నాడు. "ఇంటికి పొయినంక మల్ల ఒక్కసారి ఇనిపియ్యి."